పిల్లాడు కట్టిన ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్‌కు కేసు అవుతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఈసీఈ చదువుతున్నాడు. కోఠి గుజరాతీ గల్లీలో సామాను కొనుక్కొచ్చి, 9 వోల్టుల బ్యాటరీతో చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ చేశాడు. మా వాడకట్టంతా వినిపిస్తోంది. బతుకమ్మకు పాటలు వేస్తానంటున్నాడు. అది నేరమని ఎవరో అన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు బ్యాటరీ, యాంటెన్నా వైరు తీయించండి. మీకు చెప్పినాయన మాట నిజమే. 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంచుకోవడమే తప్పు. దానికి 3 ఏళ్ల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత చట్టాల స్థానంలో విడతలవారీగా వస్తున్న 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలో ఇదే తప్పుకు మొదటిసారి 50,000 వరకు జరిమానా రాశారు. బిహార్‌లోని మన్సూర్‌పూర్‌లో ఒక మెకానిక్ ఇలాగే సొంతంగా నడిపిన ఎఫ్ఎంను ఊరంతా ఇష్టపడింది. అయినా 2006లో అధికారులు మూయించారు.

చిన్నదే కదా అనుకోవద్దు. చేత్తో చుట్టిన కాయిల్ దగ్గర వేలు పెడితేనే ఫ్రీక్వెన్సీ పక్కకు జరిగిపోతుంది. ఎఫ్ఎం 108 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, ఆ పైనే విమానాలకు దారి చూపే సంకేతాలుంటాయి. శంషాబాద్ మనకెంత దూరం?

అలాగని అబ్బాయిని తిట్టకండి. ఆ చేతులకు పని తెలుసు. సెట్టు విప్పేశాక విడిగా ఉన్న ట్రాన్సిస్టర్లు, కాయిళ్లు ఇంట్లో ఉంటే నేరం కాదు. ఎఫ్ఎం రిసీవర్ కట్టినా ఇబ్బంది లేదు. ట్రాన్స్‌మిటరే కట్టాలనుంటే హామ్ రేడియో (అమెచ్యూర్ రేడియో, అంటే హాబీగా వైర్‌లెస్‌లో మాట్లాడుకోవడం) లైసెన్సు తీసుకోమనండి. 12 ఏళ్లు నిండితే చాలు, కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెడుతుంది. మొదటి మెట్టయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడు లైసెన్సుకు మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల సంకేత భాష) కూడా అక్కర్లేదు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోలో నేర్పుతారు. లైసెన్సు చేతికొచ్చాక తనకు కేటాయించిన బ్యాండ్లలో సొంతంగా కట్టిన సెట్టుతోనే మాట్లాడొచ్చు. పాటలు వేయడానికి మాత్రం వీల్లేదు.

ఊరికి రేడియో పెట్టాలంటే కమ్యూనిటీ రేడియో ఉంది గానీ, అది వ్యక్తులకు ఇవ్వరు. విద్యాసంస్థలు, లాభాపేక్ష లేని సంస్థలే అడగాలి. మీవాడి కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఆసక్తి ఉంటే కదిపి చూడండి.

ఈసారి బతుకమ్మకు మైక్ సెట్ పెట్టుకోండి. పోలీసు స్టేషన్లో అనుమతి తీసుకుంటే సరిపోతుంది. యాంప్లిఫయర్ వైరింగ్ పని అబ్బాయికే అప్పజెప్పండి, దానికి రేడియో చట్టం అడ్డురాదు.