సర్టిఫికెట్ మీద కంప్యూటర్ సైన్స్ అని లేకపోతే కొంప మునుగుతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి గాంధీనగర్‌లోని ధీరూభాయ్ అంబానీ విశ్వవిద్యాలయంలో బీటెక్ ఐసీటీ, అంటే ఇన్ఫర్మేషన్ అండ్ కమ్యూనికేషన్ టెక్నాలజీ సీటు వచ్చేలా ఉంది. హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ ఏఐ అండ్ ఎంఎల్ ఇస్తామంటున్నారు. ఐసీటీ అంటే టెలిఫోన్ల చదువని, సాఫ్ట్‌వేర్ కంపెనీలు పట్టించుకోవని మా బావగారు అంటున్నారు. అసలు అందులో ఏం నేర్పుతారు? రెండింటిలో ఏది మంచిది? ఆడపిల్లను అంత దూరం పంపవచ్చా? లాప్‌టాప్ ఎలాంటిది కొనాలి? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: జేఈఈ ర్యాంకులు, కటాఫ్‌లు, కౌన్సెలింగ్ తేదీలు మీకు ఈపాటికి కంఠతా వచ్చి ఉంటాయి, వాటి జోలికి వెళ్లను. ఏటా సీట్ల కాలం రాగానే ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. ఒకసారి ఐటీ గురించి, మరోసారి ఈసీఈ గురించి, ఇప్పుడు ఐసీటీ గురించి. బ్రాంచి ఏదైనా లోపలి గుబులు ఒక్కటే. పెళ్లిలోనో పేరంటంలోనో ఎవరైనా అడిగితే ఆ పేరు చెప్పాలి, విన్నవాళ్లు మొహం చిట్లిస్తారేమో అని. ముందు మీ బావగారి సంగతి చూద్దాం.

ఐసీటీలో మొదటి రెండేళ్లు ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్లు, డిస్క్రీట్ గణితం ఉంటాయి. వాటి పక్కనే సర్క్యూట్లు, డిజిటల్ లాజిక్, సంభావ్యత, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ నడుస్తాయి. ఆ తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్‌లు, కంప్యూటర్ నెట్‌వర్క్‌లు ఒకవైపు, కమ్యూనికేషన్ సిస్టమ్స్, డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్, ఎంబెడెడ్ హార్డ్‌వేర్ మరోవైపు. చివరి ఏడాదికల్లా ఎవరి ఇష్టం వాళ్లది. మెషిన్ లెర్నింగ్ వైపు వెళ్లేవాళ్లు వెళతారు, చిప్ డిజైన్ వైపు వెళ్లేవాళ్లు వెళతారు. కాలేజీని బట్టి పేర్లూ వరుసా కొంత మారతాయి. గాంధీనగర్‌లోనైతే ఊళ్లకు వెళ్లి పనిచేసే గ్రామీణ ఇంటర్న్‌షిప్ కూడా ఉంది.

పట్టిక చదివితే ఏమీ అర్థం కాదు కాబట్టి ఒకటి రెండు విడమరిచి చెబుతాను. మీరు ఫోనులో మాట్లాడుతున్నారు. మీ గొంతు గాలిలో ఒక అల, దాన్ని అంకెల్లోకి మార్చాలి. పాతకాలం నుంచీ ఉన్న డిజిటల్ టెలిఫోన్ పద్ధతిలో ఆ అలను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో, అంటే ఎనిమిది సున్నా-ఒకట్లలో రాస్తారు. అంటే సెకను మాటకు 64,000 బిట్లు. 8,000 ఎక్కడి నుంచి వచ్చింది? టెలిఫోను మన గొంతులో దాదాపు 3,400 హెర్ట్జ్ వరకే, అంటే సెకనుకు 3,400 సార్లు ఊగే అలల వరకే పంపుతుంది. ఒక అలను నష్టం లేకుండా తిరిగి నిర్మించాలంటే దానిలోని గరిష్ఠ పౌనఃపున్యానికి (సెకనుకు ఊగే సంఖ్యకు) రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. 3,400కు రెట్టింపు 6,800, దానిమీద కాస్త వెసులుబాటు. ల్యాబులో పిల్లలు సొంత గొంతు రికార్డు చేసుకుని ఈ కొలతలు తగ్గించుకుంటూ పోతారు. ఒక దశలో ‘స’కూ ‘ఫ’కూ తేడా తెలియదు. ఇంకా తగ్గిస్తే ఎవరి గొంతో పోల్చుకోవడమే కష్టం. సూత్రం అప్పుడు బుర్రకెక్కుతుంది.

మీ వీధి చివర కిరాణా కొట్టులో యూపీఐ కోసం అంటించిన క్యూఆర్ కోడ్ చూడండి. గీతలు పడినా, నూనె చేయి తగిలి మరక అంటినా డబ్బు వెళ్లిపోతుంది. అసలు సమాచారంతో పాటు లెక్కగట్టిన అదనపు అంకెలను కూడా అందులో ముద్రిస్తారు. చెరిగిన భాగాన్ని స్కానర్ వాటి సాయంతో తిరిగి లెక్కగడుతుంది. 1960లో రీడ్, సోలమన్ అనే ఇద్దరు చెప్పిన పద్ధతి ఇది. అత్యధిక రక్షణతో ముద్రించిన కోడులో దాదాపు 30 శాతం పాడైనా చదవవచ్చు. సీఎస్‌ఈ వాళ్లలో చాలామందికి ఆ స్కానర్‌ను యాప్‌లో పెట్టడం వస్తుంది. అది ఎందుకు పనిచేస్తుందో ఐసీటీ పిల్లలు కాగితం మీద చేసి చూపించాలి. మీ బావగారు టెలిఫోన్ల చదువన్నది ఇదే అయితే, ఆయన తక్కువ చేసి చెప్పారు.

ఇక ఏఐ అండ్ ఎంఎల్. ఇక్కడ కొంచెం ఎక్కువే మాట్లాడతాను, కోప్పడకండి.

ఏఐ మీద నాకు అనుమానం లేదు. ఆ బోర్డు తగిలించుకున్న డిగ్రీల మీద ఉంది. 2024-25 నుంచి మెరుగైన కాలేజీలకు బ్రాంచికి ఇన్ని సీట్లే అనే పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఎత్తేసింది. సివిల్, మెకానికల్ సీట్లు వదులుకుని కంప్యూటర్ సీట్లు పెంచుకున్న కాలేజీలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో. సీట్లు ఒక్క ఉత్తర్వుతో పెరుగుతాయి, వాటికి తగిన అధ్యాపకులు ఎక్కడి నుంచి ఊడిపడతారు? పాఠ్యప్రణాళికలో డీప్ లెర్నింగ్ అని ఉంటుంది. ల్యాబులో ఇంటర్నెట్ నుంచి దించిన ప్రోగ్రామును నడిపించి, వచ్చిన గ్రాఫును రికార్డులో అతికిస్తారు. అన్ని చోట్లా ఇంతే అనను. మీరు చేరబోయే చోట ఎలా ఉందో కనుక్కున్నారా?

ఇంకో మాట. 2021లో ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లలు చదువు మధ్యలో ఉండగానే, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. వాళ్లు బయటికొచ్చేసరికి కంపెనీలు అడిగే పనే వేరు. ఈ రంగంలో ఇవాళ్టి పనిముట్టు నేర్పే చదువు నాలుగేళ్లు నిలవదు. నిలిచేవి లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత, ఆప్టిమైజేషన్. ఏఐ నమూనాలకు శిక్షణ ఇచ్చేటప్పుడు తప్పును కొలవడానికి వాడే క్రాస్ ఎంట్రపీ ఎక్కడిదనుకున్నారు? 1948లో బెల్ ల్యాబ్స్‌లో క్లాడ్ షానన్ సమాచారాన్ని కొలవడానికి వేసిన పునాది మీద లేచింది. అదీ ఐసీటీ పాఠమే.

ఇప్పుడు మిమ్మల్ని మందలించాలి. మీ లేఖలో బావగారి అభిప్రాయం ఉంది, కాలేజీ వాళ్లు ఇచ్చిన హామీ ఉంది. అమ్మాయికి ఏమిష్టమో ఒక్క ముక్క లేదు. ర్యాంకు ఆమె తెచ్చుకుంది, సలహా బావగారిదా? మరొకటి కూడా అడుగుతాను. సీటు వచ్చింది అబ్బాయికైతే దూరం గురించి ఇంతే ఆలోచించేవారా? సికింద్రాబాద్ నుంచి అహ్మదాబాద్‌కు నేరుగా రైలుంది, అక్కడి నుంచి గాంధీనగర్‌కు మెట్రో ఉంది. ఒకసారి మీరే వెళ్లి హాస్టలు చూసి రండి, సగం భయం అక్కడే పోతుంది.

ఐసీటీ అందరికీ సరిపోతుందని మాత్రం చెప్పను. ఇంటర్‌లో భౌతికశాస్త్రాన్ని ఎలాగో గట్టెక్కించి, ఇకపై కోడింగ్ తప్ప ఏమీ వద్దనుకునే పిల్లలకు సర్క్యూట్లు, సిగ్నల్స్ నరకం చూపిస్తాయి. తరంగాలు, కాంప్లెక్స్ సంఖ్యలు, సంభావ్యత అధ్యాయాలు అమ్మాయి ఇష్టంగా చేసిందా? పక్కన కూర్చుని అడగండి. విసుక్కుంటే నేను చెప్పినదంతా పక్కన పెట్టి, సీఎస్‌ఈనే చూడండి. అది కూడా మేనేజ్‌మెంట్ కోటాకు అప్పు చేయకుండా దొరికే చోట.

రెంటినీ పోల్చమన్నారు కదా, క్లుప్తంగా చెబుతాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి రెండూ పనికొస్తాయి, ఐసీటీ చదివినవాళ్లలోనూ ఎక్కువమంది అటే వెళుతున్నారు. చిప్‌లు, వైర్‌లెస్ వైపు తలుపు ఐసీటీలోనే కాస్త విశాలం. క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ సంస్థలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి, చదువు కోసం దూరం వెళ్లిన పిల్ల ఉద్యోగానికి దగ్గరికే రావచ్చు. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్‌లో కంప్యూటర్ సైన్స్ పేపరైనా ఎలక్ట్రానిక్స్ పేపరైనా రాసుకోవచ్చు. చిక్కు ఒక్కచోటే ఉంది. కొన్ని ప్రభుత్వ రంగ సంస్థల నోటిఫికేషన్లలో అర్హత బ్రాంచీలను పేరుపేరునా రాస్తారు. ఆ జాబితాలో ఐసీటీ లేకపోతే దరఖాస్తు దగ్గరే పేచీ వస్తుంది. అమ్మాయి లక్ష్యం అలాంటి ఉద్యోగమే అయితే గత రెండు మూడేళ్ల నోటిఫికేషన్లు తీసి చూసుకోండి. డిగ్రీ అర్హతతో రాసే గ్రూప్స్, సివిల్స్‌కు ఈ బెడద లేదు.

లాప్‌టాప్ ఇప్పుడే కొనకండి. చేరాక సీనియర్లను అడిగి కొనవచ్చు. 16 జీబీ ర్యామ్ ఉంటే చాలు. ఏఐ పేరు చెప్పి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అంటగట్టే దుకాణాలకు మొదటి ఏడాది దూరంగా ఉండండి.