బాహుబలికి వచ్చిన జాతీయ ఉత్తమ చిత్రం పురస్కారం: నా ఓటు విసారణైకి ఎందుకు?

ప్రశ్న: 2015 సంవత్సరానికి జాతీయ ఉత్తమ కథాచిత్రంగా ‘బాహుబలి: ది బిగినింగ్’ను ఎంపిక చేయడం సరైనదేనా? జ్యూరీలో మీరు ఉండి ఉంటే ఏ చిత్రానికి ఇచ్చేవారు?

నేనైతే వెట్రిమారన్ తీసిన తమిళ చిత్రం ‘విసారణై’కి ఇచ్చేవాణ్ణి. ఉత్తమ కథాచిత్రం పురస్కారం ఒక తెలుగు సినిమాకు రావడం అదే మొదటిసారి కాబట్టి, తెలుగువాడినై ఉండి ఈ మాట అనడం కొందరికి కష్టంగా తోచవచ్చు. మా ఇంట్లోనే తోచింది. 2016 మార్చి 28న ఫలితాలు ప్రకటించిన రోజు మా నాన్నగారికీ నాకూ ఫోనులో మొదలైన వాదన ఇప్పటికీ పూర్తిగా తెగలేదు. అయినా ఆ రెండు సినిమాలనూ థియేటర్లోనే చూసినవాడిగా నా కారణాలు చెబుతాను.

ముందుగా ఆ పురస్కారం దేనికోసం ఇస్తారో గుర్తు చేసుకోవాలి. జాతీయ చలనచిత్ర పురస్కారాల నిబంధనావళిలో ఉద్దేశం స్పష్టంగానే ఉంటుంది: కళాత్మకంగా, సాంకేతికంగా ఉన్నతంగా ఉండి, సామాజిక ప్రయోజనం కలిగి, దేశంలోని వేర్వేరు ప్రాంతాల సంస్కృతులను ఒకరికొకరు అర్థం చేసుకోవడానికి తోడ్పడే చిత్రాలను ప్రోత్సహించడం. జనాదరణ పొందిన మంచి వినోదాత్మక చిత్రానికి విడిగా మరో స్వర్ణకమలం (జాతీయ పురస్కారాల్లో పై స్థాయి పతకం) ఉంది. మన ‘శంకరాభరణం’కు వచ్చింది ఆ విభాగంలోనే. కాబట్టి ఏ సినిమా గొప్పది అని కాకుండా, ఏ సినిమా ఏ విభాగానికి తగినది అని అడగడమే న్యాయమని నా అభిప్రాయం.

బాహుబలిని చిన్నచూపు చూసే ఉద్దేశం నాకు ఏమాత్రం లేదు. 2015 జూలైలో అది విడుదలైన మొదటి ఆదివారమే సెలవు మీద గుంటూరు వచ్చి నాన్నగారితో కలిసి చూశాను. నాయకుడు శివుడు శివలింగాన్ని పెకలించి భుజాన ఎత్తుకుని జలపాతం కిందికి నడిచే సన్నివేశంలో ఆయన నా ముంజేతిని పట్టుకున్నారు, ఆ సన్నివేశం ముగిసేదాకా వదలలేదు. రాజు భల్లాలదేవుడి విగ్రహాన్ని నిలబెడుతుండగా జనం నోట అణచిపెట్టిన బాహుబలి పేరు ఒక్కసారిగా బయటపడినప్పుడు హాలంతా లేచి నిలబడింది. కీరవాణి సంగీతం, సెంథిల్ కుమార్ ఛాయాగ్రహణం, సాబు సిరిల్ కళాదర్శకత్వం కలిసి నిలబెట్టిన ఆ మాహిష్మతిని చూసి, మనవాళ్లు ఇంత పని చేయగలిగారా అని నాకు నిజంగానే గుండె నిండింది. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు శ్రీనివాస్ మోహన్‌కు అదే ఏడాది వచ్చిన జాతీయ పురస్కారం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది.

విసారణై 2016 ఫిబ్రవరి 5న విడుదలైంది. సెన్సార్ ధ్రువపత్రం పొందిన సంవత్సరాన్ని బట్టి పోటీకి తీసుకుంటారు కాబట్టి అది 2015 చిత్రాల లెక్కలోకే వచ్చింది. అప్పుడు నేను ఉద్యోగరీత్యా చెన్నైలో ఉన్నాను. తమిళ సహోద్యోగి ఒకరు రమ్మంటే వెళ్లానే తప్ప, కథ మన గుంటూరులో జరుగుతుందని నాకు ముందుగా తెలియదు. కోయంబత్తూరుకు చెందిన ఆటో డ్రైవర్ చంద్రకుమార్ తన స్వానుభవంతో రాసిన ‘లాకప్’ అనే పుస్తకం దానికి ఆధారం. పొట్టకూటికి గుంటూరు వచ్చి, పార్కులో పడుకుంటూ, దుకాణాల్లో పని చేసుకునే నలుగురు తమిళ యువకులను పోలీసులు పట్టుకుపోతారు. చేయని దొంగతనాన్ని ఒప్పుకోమని కొడతారు. వాళ్లకు తెలుగు సరిగా రాదు. దెబ్బలు ఎందుకు పడుతున్నాయో తెలియకముందే దెబ్బలు మొదలవుతాయి.

ఆ హాలులో నాకు కలిగిన అనుభవాన్ని మరిచిపోలేను. తెర మీద పోలీసులు తెలుగులో అరుస్తుంటే, పక్కన కూర్చున్న మిత్రుడు నా వైపు వంగి “ఏమంటున్నాడు?” అని మెల్లగా అడిగాడు. నేను చెప్పలేకపోయాను. అది చిన్నప్పటి నుంచి మా వీధిలో, బస్టాండులో, టీకొట్టు దగ్గర విన్న తెలుగే. మా అమ్మ నన్ను అన్నానికి పిలిచిన భాష, నేను గర్వంగా చెప్పుకునే భాష, ఆ హాలులో అంతమందికీ భయం పుట్టించే చప్పుడుగా వినిపిస్తోంది. మాటలు అర్థమవుతున్న నేను ఆ పోలీసుల పక్షాన కూర్చున్నట్టు అనిపించింది. అంతకుముందు ఏ సినిమా నన్ను అలాంటి చోట కూర్చోబెట్టలేదు.

తర్వాత కోర్టు సన్నివేశం వస్తుంది. జడ్జి తెలుగులో అడుగుతాడు, ముద్దాయిలు తమిళంలో మొరపెట్టుకుంటారు. వేరే పని మీద అక్కడికి వచ్చిన తమిళ పోలీసు అధికారి ఒకరు, ఆ పాత్రలో సముద్రఖని ఉన్నారు, వాళ్ల మాటను తెలుగులో చెప్పిన తర్వాతే వాళ్ల గోడు జడ్జికి చేరుతుంది. న్యాయం దక్కడానికి చట్టం ఒక్కటే చాలదని, చెప్పుకున్నది అవతలివాడికి అర్థం కావాలని అక్కడ ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఒక మనిషి పక్కకు వచ్చి నిలబడి నాలుగు మాటలు మార్చి చెబుతాడు, అంతే.

ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టినప్పుడు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది భాష. బాహుబలిలో మాహిష్మతి మీదికి దండెత్తి వచ్చే కాలకేయుల కోసం మదన్ కార్కీ ‘కిలికి’ అనే భాషను ప్రత్యేకంగా కల్పించారు. అది అద్భుతమైన కల్పన. పిల్లలు నెలల తరబడి దాన్ని అనుకరించారు. కానీ కథలో దాని పని ఏమిటి? మనకు అర్థం కాని భాష మాట్లాడే నల్లటి మనుషులు శత్రువులని గుర్తుపట్టించడం. విసారణైలో సరిగ్గా దీనికి ఎదురు జరుగుతుంది: భాష రానివాడే దెబ్బలు తింటాడు, మనం వాడి పక్కన నిలబడతాం. ఒకరి ప్రాంతాన్ని మరొకరు అర్థం చేసుకోవడం అనే నిబంధనలోని మాటకు ఇంతకంటే దగ్గరగా వచ్చిన చిత్రం ఆ ఏడాది మరొకటి నాకు కనబడలేదు.

అయినా విసారణైకి దక్కింది ఉత్తమ తమిళ చిత్రం, సముద్రఖనికి ఉత్తమ సహాయ నటుడు, అప్పటికే కన్నుమూసిన ఎడిటర్ కిశోర్‌కు ఉత్తమ ఎడిటింగ్. ఇవి చిన్నవని అనను. అంతకుముందే వెనిస్ చిత్రోత్సవంలో ఒరిజోంటి అనే పోటీ విభాగంలో ప్రదర్శితమైన ఈ చిత్రాన్నే తర్వాత ఆస్కార్‌కు మన దేశం తరఫున పంపారు. అక్కడ ఎంపిక చేసేవారు వేరు కాబట్టి దాన్ని నా వాదనకు రుజువుగా చూపను.

నాకు ఎదురయ్యే గట్టి ప్రశ్న ఒకటుంది: జనం మెచ్చిన సినిమా కళ కాదా, పేదవాడి కష్టం చూపిస్తేనే అవార్డా? ఇది న్యాయమైన ప్రశ్నే. రమేశ్ సిప్పీ నాయకత్వంలోని జ్యూరీ కూడా బాహుబలి నిర్మాణ స్థాయినీ, అది సృష్టించిన ఊహాలోకాన్నీ దృష్టిలో పెట్టుకునే ఎంపిక చేసింది. ఊహ తక్కువ రకం కళ అని నేను అనడం లేదు. విసారణైలో లోపాలు లేవనీ అనను. కథ చెన్నైకి మారాక రాజకీయ కుట్ర గురించిన వివరణ కాస్త ఎక్కువై, మొదటి సగంలోని బిగువు కొంతసేపు సడలుతుంది. అయితే ఆ సినిమా కథను పూర్తిగా చెప్పి ముగుస్తుంది. బాహుబలి మొదటి భాగం ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడో తెలుసుకోవడానికి దేశమంతా 2017 దాకా ఎదురుచూసింది. సగం చెప్పిన కథకు ఆ ఏడాది ఉత్తమ కథాచిత్రం అని ముద్ర వేయడం తొందరపాటు. నిద్రపోతున్న కథానాయిక అవంతిక చేతి మీద నాయకుడు రంగులు వేయడం, తర్వాత ఆమెతో పెనుగులాడుతూ ఆమె వేషం మార్చేయడం సరసంగా చూపించిన తీరు కూడా, సామాజిక ప్రయోజనాన్ని లెక్కలోకి తీసుకునే జ్యూరీని కొంచెం ఆపవలసింది. మరొకటి, రెండో భాగానికి ఇచ్చినది జనాదరణ విభాగం స్వర్ణకమలం. అది సరైన చోటు. మొదటి భాగానికీ ఆ చోటే తగినదని నేను మొదటి నుంచీ చెబుతున్నాను.

నాన్నగారి వాదన వేరు. “ఇన్నేళ్లకు మనకొచ్చిందిరా. వచ్చిన రోజునే కాదంటావా?” అన్నారు ఫోనులో. ఆ మాటకు ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. మరుసటి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్‌లో ఆయనకు విసారణై పెట్టాను. ఆయన ఒక చిన్న పట్టణం కోర్టులో బెంచి క్లర్కుగా చేసి పదవీ విరమణ చేసినవారు. కోర్టు సన్నివేశం రాగానే ఆపమన్నారు. కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ, ఎప్పుడూ చెప్పని విషయం ఒకటి చెప్పారు. చాలా ఏళ్ల కిందట ఇటుక బట్టీలో పనిచేసే ఒడిశా కుర్రాణ్ణి ఒక చిన్న దొంగతనం కేసులో హాజరుపరిచారట. ఏది అడిగినా వాడు తల ఊపాడట. “ఒప్పుకున్నాడు అని రాసింది ఈ చెయ్యే. వాడికి ఏం అర్థమైందో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు” అన్నారు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఆ తర్వాత మిగిలిన సినిమా పెట్టమన్నారు.

చూడడం అయిపోయాక, “ఇది మనవాళ్లందరూ చూడాలి, కానీ ఆ బహుమతి మాత్రం బాహుబలిదే” అన్నారు. నాకు తేడా వచ్చేది అక్కడే. బాహుబలిని చూడమని ఎవరికీ అవార్డు చెప్పనక్కరలేదు. అప్పట్లో దర్శకుడికీ నిర్మాతకూ చెరి రెండున్నర లక్షలు ఇచ్చిన ఆ పురస్కారం అంత పెద్ద చిత్రానికి ఆర్థికంగా చేసేదీ ఏమీ ఉండదు. విసారణైకి ఉత్తమ చిత్రం అన్న పేరు వచ్చి ఉంటే, గుంటూరు కథను గుంటూరువాళ్లు చూడడానికి ఒక కారణం దొరికేది. మా బంధువుల్లో ఈనాటికీ దాన్ని చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ తర్వాతి ఆదివారం నాన్నగారు తనతో పనిచేసిన ఇద్దరు విశ్రాంత ఉద్యోగులను ఇంటికి పిలిచి, ఆ సినిమాను మళ్లీ పెట్టమన్నారు. ముగ్గురూ కోర్టు సన్నివేశం దగ్గర ఆపించి, దుబాసీగా నిలబడినవాడి చేత ప్రమాణం చేయించాలా వద్దా అని అరగంట వాదించుకున్నారు. అవార్డు విషయంలో మాత్రం ఆయన ఇప్పటికీ బాహుబలి పక్షమే.