కోర్వై టంకసాల కథ రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివాను. 1541 నాటి జర్మనీలో వేజర్ నదీతీరాన్ని ఎంచుకున్నావు, బాగుంది. కానీ అక్కడి కోర్వై క్రైస్తవ మఠాధిపతి తన చేత్తో "స్వచ్ఛమైన వెండి కాసులు" కొట్టాడన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. 833లో భక్త లూయీ చక్రవర్తి ఇచ్చిన నాణేల హక్కు మఠానిది. సుత్తి మాత్రం గుత్తకు కుదిరిన టంకసాల పెద్దది, అతని పనివాళ్లది.

స్వచ్ఛమైన వెండి అనే మాట కొట్టెయ్. వెండి తూచే కొలోన్ మార్కు సుమారు 234 గ్రాములు, నాణ్యం లెక్కకు కల్తీ లేని వెండి అంటే 16 లోత్‌లు. 8 లోత్‌ల లోహమంటే సగం రాగి. కాసు చిన్నదైనా పెద్దదైనా కోత, దెబ్బ ఒకటే. ఒక మార్కు నుంచి చిన్నవి చాలా తీయాలి కాబట్టి కూలి పెరుగుతుంది. అది రాబట్టుకోవడానికే రాగి కలుపుతారు. మఠాధిపతి దురాశకు కారణం వెతుకుతూ నువ్వు రెండు పేజీలు తిరిగావు. కారణం ఈ కూలి లెక్కలోనే ఉంది.

మూసలో లోహం కరిగేటప్పుడు పైన బొగ్గుపొడి కప్పాలి. లేకపోతే రాగి మాడి తరుగు పోతుంది, మిగిలినదాంట్లో వెండి పాలు పెరుగుతుంది, నష్టం టంకసాల పెద్దకి. కడ్డీని రేకుగా సాగగొట్టేటప్పుడు మధ్యమధ్య ఎర్రగా కాల్చకపోతే అంచులు పగులుతాయి. కత్తిరించిన ముక్కల్ని ఒక్కొక్కటిగా తూచరు. మార్కుకు ఇన్ని అని మొత్తంగా చూస్తారు. అందుకే కొన్ని బరువు, కొన్ని తేలిక. బరువైనవి ఏరుకుని కరిగించుకునే షరాబు నీ కథలో లేడు. ఉండి తీరాలి.

ద్రాక్షసారా పీపాల్లో పేరుకునే గార, ఉప్పు వేసిన నీళ్లలో ఆ ముక్కల్ని ఉడికిస్తారు. కాలి నల్లబడిన రాగి పైనుంచి కరిగిపోయి వెండి పొర మిగులుతుంది. తెల్లగా మెరిసేది ఆ పొరే. చేతులు మారేకొద్దీ అది అరిగి, మఠం పాలక పునీతుడు వీటుస్ బొమ్మ ఉన్న కాసు మీద అతని ముక్కే ముందు ఎర్రబడుతుంది. నీ కథానాయిక మోసాన్ని అక్కడ పట్టుకోవాలి, కలలో కాదు!

కింది అచ్చు మొద్దులో దిగ్గొట్టి ఉంటుంది. పై అచ్చు చేత్తో పట్టుకుని కొడతారు, సుత్తి దెబ్బ నేరుగా తినేది అదే కాబట్టి ముందు పగిలేదీ అదే. దెబ్బల మధ్య అది కదిలితే అక్షరాలు రెండేసి పడతాయి.

వివరాలు కథను ఆపేస్తాయని తిప్పిపంపే సంపాదకులున్నారు. వాళ్ల మాట వినకు. పొగమంచుతో మొదలై ధూపంతో ముగిసే చారిత్రక కథలు ఇన్ని వస్తున్నది వాళ్ల చలవే. పని తెలియని చోటే విశేషణాలు పోగవుతాయి. నీ మూడో పేజీలోనూ అదే జరిగింది.

షరాబును తీసుకొచ్చి, చేతికి త్రాసు ఇచ్చి, ఆ పేజీ మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య