నాడి తీగ కాదు

హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

నాడీకణాల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. ఇరానీ హోటల్లో పొగలు కక్కే చాయ్ కప్పు తగిలి వేలు వెనక్కి లాక్కోవడంతో మొదలుపెట్టావు. ఆ ఎత్తుగడ నాకు ఎంతో నచ్చింది. కానీ ఆ వెంటనే ‘తీగలో కరెంటు పారినట్టు నాడిలో సంకేతం పారుతుంది’ అన్నావు. ఆ వాక్యం కొట్టెయ్యి. తీగలో ఎలక్ట్రాన్లు తీగ పొడవునా కదులుతాయి. నాడిలో సోడియం, పొటాషియం అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులు, కణపు పొరను అడ్డంగా దాటి లోపలికీ బయటికీ పోతాయి. అందుకే 1850లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నాడిలో కొలిచిన వేగం సెకనుకు 30 మీటర్ల లోపే తేలింది.

విశ్రాంతిలో ఉన్న కణం లోపలి వైపు, బయటితో పోలిస్తే, మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. ఏదైనా ప్రేరణ దాన్ని సుమారు మైనస్ 55 దాకా తెచ్చిందంటే సోడియం ద్వారాలు తెరుచుకుని, బయట దండిగా ఉన్న సోడియం లోపలికి దూసుకొచ్చి, ఆ చోటు క్షణకాలం ధనాత్మకమై పక్క చోటును రేపుతుంది. ఆ వెనకే పొటాషియం బయటికి పోయి పాత స్థితిని తెస్తుంది. దీపావళికి కాల్చే సీమటపాకాయల సరం తలుచుకో: టపాకాయ కదలదు, పేలుడు కదులుతుంది, చివరిది మొదటిదంత గట్టిగానే పేలుతుంది. అయితే పేలిన టపాకాయ మళ్లీ పేలదు, నాడి మాత్రం కొన్ని మిల్లీసెకన్లలో మళ్లీ సిద్ధమవుతుంది. పోలిక ఎక్కడ చెల్లదో ఆ పక్క వాక్యంలోనే రాయి.

ఈ ద్వారాల లెక్కను స్క్విడ్ అనే సముద్రజీవి నాడి మీద ప్రయోగాలతో 1952లో తేల్చిన శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీల నోబెల్ బహుమతి గురించి పేరా అంతా అక్కర్లేదు, ఒక్క వాక్యం చాలు.

మిగిలిన చోటంతా ఆ కాలిన వేలికే ఇవ్వు. వేలు మొదట చురుక్కుమంటుంది, కాసేపటికి మండుతుంది. ఆ చురుకును మోసే తంతువులకు మైలిన్ అనే పలుచని కొవ్వు తొడుగు ఉంటుంది కనుక సంకేతం సెకనుకు 5 నుంచి 30 మీటర్లు పోతుంది; మంటను మోసేవాటికి తొడుగే లేదు, వాటి వేగం సెకనుకు ఒక మీటరు చుట్టుపక్కల. చెయ్యి పొడవును ఈ రెండు వేగాలతో భాగించి చూడు, చురుకుకూ మంటకూ మధ్య గడిచే వ్యవధి నీకే తెలుస్తుంది. ‘చురుకు’, ‘మంట’ అని మనవాళ్లు ఎప్పుడో విడదీసి పెట్టిన ఆ రెండు మాటలనే నీ వ్యాసంలో వాడు.

సరిదిద్దిన ప్రతిని ఆదివారం ఇంటికి తీసుకురా, కూర్చుని చదువుదాం.