కారుకు కారు మార్చుకుంటే ఇద్దరూ అమ్మకందారులే

ప్రశ్న: టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటున్నాను. హెచ్1బీ వీసా. నా దగ్గర 2021 షెవర్లే కార్వెట్ స్టింగ్‌రే ఉంది, దాని మీద బ్యాంకుకు ఇంకా 22,000 డాలర్ల లోన్ కట్టాలి. ఫోర్ట్‌వర్త్‌లో ఒక పెద్దాయన తన 1970 షెవెల్ ఎస్ఎస్ 454 (షెవర్లే వారి పాత కారు, పెద్ద ఇంజన్ పెట్టిన స్పోర్ట్ మోడల్) ఇచ్చి నా కార్వెట్ తీసుకుంటానంటున్నారు. పైన నేను 8,000 డాలర్లు ఇవ్వాలి. షెవెల్ టైటిల్ (కారు ఎవరిదో చెప్పే ప్రభుత్వ పత్రం) ఆయన పేరు మీద లేదు, ఆయనకు అమ్మిన మనిషి సంతకం పెట్టి ఇచ్చిన టైటిల్ మాత్రం ఉంది. 'సరిసమానంగా మార్చుకున్నామని రాస్తే ట్యాక్స్ అయిదు డాలర్లే, 8,000 సంగతి కాగితం మీద పెట్టొద్దు' అంటున్నారు. కార్వెట్ టైటిల్ మీద నా పేరు, నా భార్య పేరు ఉన్నాయి, ఆమెకు ఇంకా చెప్పలేదు. రెండేళ్ల కిందట పార్కింగ్‌లో వెనక బంపర్‌కు దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్‌లో మార్పించాను. ఆయన అడిగితే 'నో యాక్సిడెంట్స్' అని మెసేజ్ పెట్టేశాను. ఏమైనా ఇబ్బందా? తర్వాత ఎప్పుడైనా ఆ షెవెల్‌ను హైదరాబాద్ తీసుకెళ్లొచ్చా?

జవాబు: మీ ఉత్తరమంతా ఆయన కారు గురించి, ఆయన కాగితాల గురించి. మీ కార్వెట్ విషయం చివర్లో రెండు ముక్కల్లో తేల్చేశారు. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ రెండు ముక్కలే.

వస్తువుల అమ్మకాలకు టెక్సస్‌లో వర్తించేది బిజినెస్ అండ్ కామర్స్ కోడ్‌లోని 2వ అధ్యాయం. ధరను డబ్బుగా కాకుండా వస్తువు రూపంలో చెల్లిస్తే, ఎవరు ఏ వస్తువు ఇస్తున్నారో ఆ వస్తువుకు వారే అమ్మకందారు అని అందులో 2.304 సెక్షన్ చెబుతుంది. అంటే షెవెల్ విషయంలో ఆయన అమ్మకందారు, మీరు కొనుగోలుదారు. కార్వెట్ విషయంలో మీరు అమ్మకందారు. ఆయన కారు గురించి ఆయన చెప్పిన మాటకు ఎంత బాధ్యత ఉందో, మీ కారు గురించి మీరు చెప్పిన మాటకూ అంతే ఉంది.

కాబట్టి ముందు ఆ మెసేజ్ సంగతి. అడగకపోతే ప్రతి చిన్న గీత గురించీ మీ అంతట మీరే చెప్పి తీరాలని సాధారణంగా చట్టం అనదు. కానీ అడిగినప్పుడు తప్పు చెబితే కథ వేరు. బంపర్ దెబ్బ చిన్నదే కావచ్చు, మీ దృష్టిలో అది యాక్సిడెంటే కాకపోవచ్చు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ రికార్డులో మాత్రం అది ఉంటుంది, ఆయన రేపు వెహికిల్ హిస్టరీ రిపోర్టు తీయగానే బయటపడుతుంది. ఈరోజే ఇంకో మెసేజ్ పెట్టండి: ఫలానా నెలలో పార్కింగ్‌లో వెనక బంపర్‌కు దెబ్బ తగిలింది, ఇన్సూరెన్స్ ద్వారా మార్పించాను, రిపేర్ బిల్లు ఇదిగో అని. అదే మాట ఒప్పందంలోనూ రాయించండి. దానికి ఆయన బేరం తగ్గిస్తే తగ్గించనివ్వండి, కోర్టు ఖర్చుతో పోలిస్తే అదేమంత పెద్ద మొత్తం కాదు.

ఇక మీ భార్య. టెక్సస్ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం, పెళ్లయ్యాక కొన్న కారు మామూలుగా ఇద్దరిదీ అవుతుంది. మీ కేసులో అంత లోతుకు వెళ్లక్కర్లేదు, టైటిల్ మీద రెండు పేర్లున్నాయి కాబట్టి రెండు సంతకాలూ కావాలి. ఆమె సంతకం మీరు పెడితే అది ఫోర్జరీ. సంతకం అడిగే రోజున మొదటిసారి చెప్పడం కంటే ఇవాళ చెప్పడం మేలని లాయరుగా కాదు, పెళ్లయినవాడిగా చెబుతున్నాను.

లోన్ తీరేదాకా కార్వెట్ మీద బ్యాంకుకు లీన్, అంటే తాకట్టు హక్కు, ఉంటుంది, టైటిల్ కూడా బ్యాంకు చేతిలోనే ఉంటుంది. 'కారు నాకిచ్చేయ్, నెలనెలా కిస్తీ నేను కట్టుకుంటాను' అని ఆయన అన్నా ఒప్పుకోకండి. లోన్ మీ పేరు మీదే ఉంటుంది, ఆయన రెండు నెలలు ఎగ్గొడితే చెడేది మీ క్రెడిట్. పైగా బ్యాంకును దెబ్బతీసే ఉద్దేశంతో లీన్ ఉన్న వాహనాన్ని చేతులు మారిస్తే టెక్సస్ పీనల్ కోడ్ 32.33 కింద నేరం కూడా. బ్యాంకును పేఆఫ్ లెటర్ (లోన్ పూర్తిగా తీరాలంటే ఎంత కట్టాలో చెప్పే ఉత్తరం) అడగండి, 22,000 కట్టేయండి, లీన్ లేని టైటిల్ చేతికొచ్చాకే మార్పిడి తేదీ పెట్టుకోండి.

ఇప్పుడు ఆయన వైపు. సంతకం పెట్టి, కొన్నవారి పేరు ఖాళీగా వదిలేసిన టైటిల్‌ను ఇక్కడ ఓపెన్ టైటిల్ అంటారు. మధ్యలో ఒకరు తన పేరుకు మార్పించుకోకుండా ఇంకొకరికి అంటగట్టడం టైటిల్ జంపింగ్, అది చట్టవిరుద్ధం. ఎక్కువమంది అయిదారు వందలు మిగుల్చుకోవడానికే ఇలా చేస్తారు, ఈ పెద్దాయన కూడా అంతే కావచ్చు. కానీ మీకు పనికొచ్చే ప్రశ్న ఒకటే: ఈ కారు ఆయనదేనని ఏ ప్రభుత్వ కాగితం చెబుతోంది? ఏదీ చెప్పడం లేదు. సంతకం పెట్టిన ఆ పాత యజమాని చనిపోయాడనుకోండి, లేదా ఆ కారు మీద ఏదో పాత లీన్ ఉందనుకోండి, అదంతా మీ నెత్తికి చుట్టుకుంటుంది. ముందు ఆయన్ని టారంట్ కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి టైటిల్ తన పేరు మీద చేయించుకోమనండి. కుదరకపోతే టెక్సస్‌లో బాండెడ్ టైటిల్ అనే దారి ఉంది: వాహనం విలువకు ఒకటిన్నర రెట్లకు ష్యూరిటీ బాండ్ (అసలు యజమాని బయటికొస్తే నష్టం భరిస్తామనే హామీ పత్రం) తీసుకోవాలి, అది మూడేళ్లు ఉంటుంది. ఆ తలనొప్పి ఆయన పడాలి, మీరు కాదు.

టైటిల్ మీది విన్ నంబరు (ప్రతి కారుకూ కంపెనీ ఇచ్చే గుర్తింపు సంఖ్య), కారు మీది నంబరు అక్షరం తప్పకుండా కలవాలి. 17 అక్షరాల విన్ 1981 మోడళ్ల నుంచి వచ్చింది, 1970 షెవెల్‌ది పొట్టి నంబరు, అందుకే మామూలు హిస్టరీ రిపోర్టుల్లో దొరకదు. డ్రైవర్ వైపు డ్యాష్‌బోర్డు మీద, అద్దంలోంచి కనిపించే చిన్న పలకపై ఉంటుంది. ఆ పలక రివెట్లు ఊడదీసి మళ్లీ బిగించినట్లు అనుమానం వస్తే అక్కడే ఆగిపోండి. కాన్సస్‌లో ఒకాయన డీలర్ దగ్గర కొన్న 1959 కార్వెట్‌ను రిజిస్ట్రేషన్‌కు తీసుకెళ్తే 2017లో అధికారులు స్వాధీనం చేసుకున్నారు. ఎప్పుడో బాగుచేసినప్పుడు విన్ పలక తీసి మళ్లీ బిగించారు, అంతే. కొన్నవాడి తప్పేమీ లేదని అందరికీ తెలుసు, అయినా అప్పటి అక్కడి చట్టం ప్రకారం ఆ కారును నాశనం చేయాలి. చివరకు 2022లో కాన్సస్ చట్టమే మార్చుకోవాల్సి వచ్చింది. మీ కోసం ఏ రాష్ట్రమూ చట్టం మారుస్తుందని అనుకోకండి.

అసలు ప్రశ్న మీరు అడగలేదు: అది నిజంగా ఎస్ఎస్ 454నా?

1966 నుంచి 1968 దాకా షెవెల్ ఎస్ఎస్ 396కు విన్‌లోనే వేరే సిరీస్ ఉండేది, నంబరు 138తో మొదలైతే అది ఎస్ఎస్ అని తెలిసిపోయేది. 1969 నుంచి ఎస్ఎస్ అనేది ఆప్షన్ ప్యాకేజీ అయిపోయింది. అందుకే 1970 మాలిబు (షెవెల్‌లో మామూలు మోడల్) వీ8 కూపే నంబరు, ఎస్ఎస్ కూపే నంబరు రెండూ 13637తోనే మొదలవుతాయి. ఏ ఇంజనో కూడా ఆ నంబరు చెప్పదు, జీఎం విన్‌లో ఇంజన్ కోడ్ 1972 నుంచి వచ్చింది. ఫలితంగా మామూలు మాలిబుకు ఎస్ఎస్ బ్యాడ్జీలు, చారల హుడ్, ఎక్కడిదో 454 ఇంజన్ పెట్టి నిలబెట్టిన బండ్లు మార్కెట్లో కొల్లలు. వాటిని క్లోన్ అనీ, మర్యాదగా ట్రిబ్యూట్ అనీ అంటారు. అమ్మడం తప్పు కాదు, అసలుదని చెప్పి అమ్మడం తప్పు. రెంటికీ విలువలో తేడా మామూలుది కాదు.

పాంటియాక్ అయితే పీహెచ్ఎస్ అనే సంస్థ దగ్గర, 1967 తర్వాతి ఫోర్డ్ అయితే మార్టీ రిపోర్టులో ఫ్యాక్టరీ రికార్డు దొరుకుతుంది. అమెరికాలో అమ్మిన షెవర్లేలకు ఆ అదృష్టం లేదు, ఆ కాలం కార్లకు కారు వారీ రికార్డులు లేవు. కెనడాలో అమ్మిన కారైతే జీఎం కెనడా ఇస్తుంది. కాబట్టి కారుతోపాటు వచ్చిన కాగితాలే సాక్ష్యం: బిల్డ్ షీట్ (చాలా బండ్లలో పెట్రోల్ ట్యాంకు పైనో సీటు కిందో దొరుకుతుంది), కొత్తలో అతికించిన విండో స్టిక్కర్, ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే వారంటీ రేకు. ఇంజన్ బ్లాకు ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు హెడ్ కింద, కొట్టిన అంకెల్లో విన్ చివరి భాగం ఉండాలి. వాటినీ కొత్తగా కొట్టేవాళ్లున్నారు. షెవెల్ తెలిసిన స్వతంత్ర అప్రైజర్‌కు (కారు చూసి విలువ కట్టే నిపుణుడికి) చూపించండి. ఆయన ఫీజు ఎక్కువనిపించినా ఈ లావాదేవీలో వృథా కాని ఖర్చు అదే.

తర్వాత మాటలు. 'బండి అదిరిపోతుంది' అన్నది అభిప్రాయం, దాని మీద కేసు నిలవదు. 'ఇది ఫ్యాక్టరీలో ఎస్ఎస్ 454గా తయారైన కారు, ఇంజన్ దీనితో వచ్చినదే' అన్నది వాస్తవం గురించిన మాట. అది బేరానికి ఆధారమైతే 2.313 సెక్షన్ కింద వారంటీ అవుతుంది. ఆ వాక్యం యథాతథంగా ఒప్పందంలో ఉండాలి. ఆయన రాయనంటే మీకు జవాబు దొరికినట్టే. 500 డాలర్లు దాటిన వస్తువు బేరానికి ఎలాగూ రాతపూర్వక ఒప్పందం ఉండాలి.

ఆయన బిల్ ఆఫ్ సేల్‌లో 'యాజ్ ఈజ్' (ఉన్నది ఉన్నట్టుగా) అని కచ్చితంగా రాస్తారు. పాత కార్లలో అది మామూలే, గేర్‌బాక్స్ రేపు పాడైతే ఆయన్ని పట్టుకోలేరు. మోసం చేసి ఒప్పించిన చోట మాత్రం ఆ మాట కవచం కాదని టెక్సస్ సుప్రీంకోర్టు 1995లో ప్రుడెన్షియల్ వర్సెస్ జెఫర్సన్ అసోసియేట్స్ కేసులో చెప్పింది. అయినా 'ఈ కాగితంలో లేని ఏ మాట మీదా నేను ఆధారపడలేదు' అనే లైను కనిపిస్తే కొట్టేయించండి. వాట్సాప్‌లో ఆయన చెప్పినదంతా ఆ ఒక్క లైనుతో పోయే ప్రమాదం ఉంది. వారంటీ కేసుకు సాధారణంగా కారు చేతికిచ్చిన రోజు నుంచి నాలుగేళ్ల గడువు. 20,000 డాలర్లు దాటిన వివాదాన్ని చిన్న వ్యాజ్యాలు చూసే జస్టిస్ కోర్టు తీసుకోదు, పైకోర్టుకు వెళ్తే ఖర్చు మీరే ఊహించుకోండి.

ట్యాక్స్ విషయంలో ఆయన చెప్పింది సగం నిజం. డబ్బేమీ చేతులు మారకుండా రెండు కార్లు మార్చుకుంటే ఒక్కొక్కరికి అయిదు డాలర్ల ఈవెన్ ట్రేడ్ ట్యాక్స్, టైటిల్ కోసం పెట్టే 130-యూ ఫారంలో దానికి ప్రత్యేకంగా గడి ఉంది. మీరు 8,000 ఇస్తున్నారు కాబట్టి ఇది ఈవెన్ ట్రేడ్ కాదు. ఆ 8,000 మీద 6.25 శాతం, అంటే 500 డాలర్లు మీరు కట్టాలి. టైటిల్ కాగితాల్లో అబద్ధం రాస్తే థర్డ్ డిగ్రీ ఫెలనీ అని ఆ ఫారం మీదే అచ్చువేసి ఉంటుంది. హెచ్1బీ మీద ఉన్న మనిషి 495 డాలర్ల కోసం ఆ గడిలో టిక్కు పెట్టడం కంటే తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు.

వీసా ఎత్తాను కాబట్టి: సొంతానికి ఒక కారు మార్చుకోవడం ఉద్యోగమూ కాదు, వ్యాపారమూ కాదు. లాభం కోసం వరసగా కార్లు తిప్పడం మొదలుపెడితే వీసా సమస్య. ఏడాదిలో నాలుగు దాటితే టెక్సస్ డీలర్ లైసెన్సు సమస్య కూడా. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కారుకు కారు మార్పిడిని 'లైక్ కైండ్' అంటూ వాయిదా వేసే వెసులుబాటు లేదు, 2018 నుంచి అది స్థిరాస్తికే. మీరు కార్వెట్‌కు పెట్టిన దానికంటే ఎక్కువ విలువ మీ చేతికొస్తే ఆ తేడా లాభమే.

సంతకాల రోజున ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లడం ఉత్తమం. కార్వెట్‌కు ఓడోమీటర్ రీడింగ్ రాసివ్వడం తప్పనిసరి. 2010, అంతకు ముందు మోడళ్లకు ఆ నిబంధన లేదు, అందుకే షెవెల్ మైలేజీ గురించి ఆయన చెప్పేది కాగితం బలం లేని మాట. మీ నంబర్ ప్లేట్లు, టోల్ ట్యాగ్ తీసేసుకోండి. అమ్మినట్టు డీఎంవీకి (రాష్ట్ర వాహనాల శాఖకు) ఆన్‌లైన్‌లో ఆరోజే తెలియజేయండి, లేకపోతే ఆయన టోల్ బిల్లులు మీ ఇంటికొస్తాయి. ఇన్సూరెన్స్‌లో 'అగ్రీడ్ వాల్యూ' (ముందే ఒప్పుకున్న విలువ చెల్లించే) పాలసీ తీసుకోండి, 'స్టేటెడ్ వాల్యూ' వేరు, క్లెయిమ్‌లో కంపెనీ తక్కువ ఇవ్వగలదు. 2025 నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, ఇంత పాత కారుకు మీ కౌంటీలో పొగ పరీక్ష కూడా ఉండదు. ప్లేట్లలో 'యాంటిక్' తీసుకుంటే ప్రదర్శనలకు, క్లబ్బు కార్యక్రమాలకు, పరేడ్లకే తిప్పాలి. ఆఫీసుకు వేసుకెళ్లాలనుకుంటే 'క్లాసిక్' ప్లేట్లు అడగండి.

హైదరాబాద్ విషయం. భారతదేశంలో 2021 జులైలో మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాలను చేర్చారు: 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. రోజువారీ వాడకానికి పనికిరాదు, ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు తప్ప రోడ్డెక్కకూడదు. ఇంజన్ ఎక్కడిదో అయితే అక్కడా అదే ప్రశ్న ఎదురవుతుంది. దిగుమతి అనుమతి, సుంకం వేరే వ్యవహారం. షిప్పింగ్ వాళ్లకు అడ్వాన్సు ఇచ్చేముందు ఇండియాలో కస్టమ్స్ కేసులు చూసే లాయర్‌ని అడగండి.