కిట్ కొనక్కర్లేదండీ, పసుపు డబ్బా తీయండి

"పాప ఒకటో తరగతి, బాబు ఎల్‌కేజీ. ఆన్‌లైన్‌లో సైన్స్ కిట్లు వేలల్లో చెబుతున్నారు. కొనాలా, ఇంట్లోనే ఏమైనా చేయించొచ్చా?" అని గుంటూరు నుంచి అడిగారు. మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా ఇద్దరు పిల్లలతో ఆ వయసు నుంచీ ఇంట్లోనే చేస్తూ వచ్చాను. నా సలహా, ఇప్పుడే కిట్ కొనకండి. చేసే ముందు "ఏమవుతుందనుకుంటున్నావు?" అని అడగండి. పిల్లలు తప్పు చెప్పినా దిద్దకండి. ఈ రెండూ అలవాటైతే మిగతాదంతా వంటింట్లోనే దొరుకుతుంది.

ఎందుకు దిద్దొద్దంటున్నానో చెబుతాను. ఎండాకాలం కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో చూపిద్దామని, రాత్రే పట్టి గదిలో ఉంచిన నీళ్లు రెండు సీసాల్లో పోశాను. ఒకదానికి తడిగుడ్డ చుట్టి, రెండూ ఫ్యాన్ కింద పెట్టాను. మా చిన్నవాడు, "గుడ్డ చుట్టిందే వేడెక్కుతుంది, దుప్పటి కప్పుకుంటే వెచ్చగా ఉండదా?" అన్నాడు. ఎంత చక్కటి ఆలోచన! కాదని చెబితే అక్కడితో అయిపోయేది. అందుకని పొడిగుడ్డ చుట్టిన మూడో సీసా కూడా పెట్టాం. గంట తర్వాత పట్టుకుని చూస్తే తడిగుడ్డది చల్లగా ఉంది, మిగతా రెండూ దాదాపు ఒకేలా ఉన్నాయి. అంటే పని చేసింది గుడ్డ కాదు, తడి. నీరు ఆవిరవుతూ సీసాలోని వేడిని లాక్కుపోతుంది. కుండకు ఉండే సన్నటి రంధ్రాల్లోంచి నీరు ఊరి ఆవిరవడం కూడా ఇదే. వానాకాలంలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి కుండ అంతగా చల్లబరచదు. అది మీ పాపనే కనిపెట్టనివ్వండి.

ఇక పసుపు. పప్పు మరక పడిన చొక్కాకు సబ్బు పెట్టగానే ఎర్రబడటం మీరు చూసే ఉంటారు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చేదీ అందుకే. కొంచెం పసుపు నీళ్లతో ముద్దలా కలిపి తెల్లకాగితానికి పూసి ఆరనివ్వండి. దూది చుట్టిన పుల్లను సబ్బు నీళ్లలో ముంచి పాపను ఏదైనా గీయమనండి, ఎర్రటి గీతలు వస్తాయి. వాటిమీద నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపే. ఈ వయసుకి "పులుపు ఉన్నవి, సబ్బు లాంటివి" అంటే చాలు. ఆమ్లం, క్షారం అనే మాటలు స్కూల్లో వచ్చినప్పుడు వస్తాయి. కాకపోతే మామూలు నీళ్లకూ నిమ్మరసానికీ పసుపు ఒకేలా ఉంటుంది, తేడా చెప్పదు. దానికి శంఖుపూలు కావాలి. నీలం శంఖుపూలు నాలుగు వేడినీళ్లలో నానబెట్టి ఆ నీలిరంగు నీళ్లలో నిమ్మరసం పిండితే వంగపండు రంగులోకి తిరుగుతుంది, సబ్బు నీళ్లు పోస్తే ఆకుపచ్చగా మారుతుంది. మా పిల్లలు మజ్జిగ, చింతపండు రసం, ఏది దొరికితే అది పోసి చూశారు. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే చాలా ప్రమాదం.

గుంటూరు వాళ్లు కాబట్టి మిరపకాయను వదలకూడదు. ఒక గ్లాసులో నూనె, ఒక గ్లాసులో నీళ్లు తీసుకుని, కారం మీరే చిటికెడు వేయండి. కాసేపటికి నూనె ఎర్రబడుతుంది, నీళ్లకు అంతగా రంగు పట్టదు. రంగే కాదు, మంట పుట్టించే కాప్సైసిన్ అనే పదార్థం కూడా నీళ్లలో సరిగా కరగదు. కారమైన ముద్ద తిని నీళ్లు తాగితే మంట తగ్గకపోవడం, పెరుగన్నం తింటే తగ్గడం అందుకే. నిజమైన వేడిని పసిగట్టే నాడుల మీదే ఆ పదార్థం పనిచేస్తుంది కాబట్టి నోరు కాలినట్టు అనిపిస్తుంది. దీన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ పంచుకునే గౌరవం దక్కింది. పెద్దయ్యాక పాపకి ఈ సంగతీ చెప్పండి.

మన ప్రాంతానికి దక్కిన ఇంకో అవకాశం నీడ. విజయవాడ, గుంటూరు దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాయి. అందువల్ల మే 5-7 మధ్య, ఆగస్టు 6-8 మధ్య మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. డాబా మీద స్టీలు గ్లాసు బోర్లించండి, చుట్టూ నీడే ఉండదు. ఢిల్లీలో ఏ రోజూ ఇలా జరగదు. ముందు నుంచే వారానికోసారి అదే వేళకు నీడ చివర సుద్దముక్కతో గీత పెట్టిస్తే ఆ రోజు విలువ పాపకు తెలుస్తుంది. చెప్పులు వేయించండి, సూర్యుడి వైపు చూడనివ్వకండి.

డబ్బు పెట్టాలనిపిస్తే ఒక మంచి భూతద్దం కొనండి, చాలు. ఎల్‌కేజీ బాబుకి ఇవన్నీ ఇంకా ఎక్కవు. వాడికి బకెట్లో నీళ్లు ఇచ్చి ఏది తేలుతుందో, ఏది మునుగుతుందో అడగండి. పెద్ద వంకాయ తేలి, చిన్న బంగాళాదుంప ముక్క మునిగితే వాడే ఎందుకని అడుగుతాడు. అప్పుడు ఆ ముక్కను గ్లాసు నీళ్లలో వేసి ఉప్పు కలుపుతూ పోండి. నాలుగైదు చెంచాలు పడుతుంది, ముక్క పైకి వచ్చేదాకా ఆపకండి.