చెక్కు రాసే ముందు నీటి మీటరు చూడండి

ప్రశ్న: మాది బట్టలకు రంగులద్దే మధ్యతరహా కంపెనీ. హెచ్‌ఆర్‌లో ఉన్న నాకు కొత్తగా సీఎస్‌ఆర్ (కంపెనీ సామాజిక బాధ్యత) పనులు అప్పగించారు. ఇప్పటిదాకా ఏటా మొక్కలు నాటడం, బడిపిల్లలకు బ్యాగులు పంచడం, రక్తదాన శిబిరం పెట్టడం, అడిగినవాళ్లకు విరాళం ఇవ్వడం... ఇవే చేశాం. ఈసారి "ఒక వ్యూహం ప్రకారం చేద్దాం, బోర్డుకు ప్రణాళిక చూపించండి" అన్నారు ఎండీ గారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: ప్రణాళిక రాయడానికి కూర్చోకముందే ఒకసారి అద్దకం షెడ్డుకి వెళ్లండి. రోజుకు ఎన్ని నీళ్లు తీసుకుంటున్నారు, ఎన్ని బయటికి వదులుతున్నారు, అవి ఎక్కడికి చేరుతున్నాయి అని అడగండి. నూలు బట్టకు రియాక్టివ్ రంగు పట్టాలంటే ఉప్పు బాగా వేయాలి. బట్టకు పట్టకుండా మిగిలిన రంగూ, ఆ ఉప్పూ నీళ్లతోనే బయటికి పోతాయి. మామూలు శుద్ధితో రంగు చాలావరకు పోతుంది గానీ, కరిగిన ఉప్పు పోదు. దానికి ఆర్‌ఓ లాంటివి కావాలి. ఆ నీళ్లు చేరే దారిలో ఎవరి పొలమో, బావో ఉంటే మీ సీఎస్‌ఆర్ అక్కడే మొదలవ్వాలి.

నేను సీఎస్‌ఆర్‌లోకి రాకముందు చాలాకాలం కొనుగోళ్ల విభాగంలో పనిచేశాను. ఏ కంపెనీ వల్ల ఎవరికి ఇబ్బందో విరాళాల ఫైలులో కనబడదు, కొనుగోళ్ల ఫైలులో కనబడుతుంది. ఏ కెమికల్ ఎంత కొంటున్నారు, కూలీలను ఏ కాంట్రాక్టరు పంపుతున్నాడు అన్నవి అందులోనే ఉంటాయి.

వ్యాపార వ్యూహ నిపుణులు మైకేల్ పోర్టర్, మార్క్ క్రేమర్ 2006లో చెప్పింది కూడా దాదాపు ఇదే. విరాళాలు తలా కాస్త పంచే బదులు, మీ వ్యాపారానికీ సమాజానికీ ముడిపడిన చోటు వెతుక్కోమన్నారు. రక్తదాన శిబిరం మంచిదే, ఏ కంపెనీ అయినా పెట్టగలదు. మీ నీళ్ల సంగతి మాత్రం మీరే చూసుకోవాలి.

ల్యాబ్ వాళ్లను ఇంకో సంగతి అడగండి: నూటికి ఎన్ని లాట్లకు (ఒక విడతలో రంగేసే బట్టకు) మొదటిసారే కోరిన షేడ్ కుదురుతోంది? కుదరక మళ్లీ రంగేసిన ప్రతి లాటుకూ నీళ్లు, ఆవిరి, కెమికల్స్ రెండోసారి ఖర్చు. ఆ శాతం పెరిగితే కాలుష్యమూ ఖర్చూ కలిసి తగ్గుతాయి. బోర్డులో ఫైనాన్స్ వాళ్లు మీ మాట వినేది ఇలాంటి చోటే. అమెరికాలో కార్పెట్లు చేసే ఇంటర్‌ఫేస్ కంపెనీ అధిపతి రే ఆండర్సన్ కూడా 1994లో తన ఫ్యాక్టరీ నుంచే మొదలుపెట్టారు. పర్యావరణానికి తమవల్ల జరిగే నష్టాన్ని 2020కల్లా లేకుండా చేయాలని ఆ కంపెనీ లక్ష్యం పెట్టుకుంది.

చట్టం ఎలాగూ చేయమన్న శుద్ధిని మాత్రం సీఎస్‌ఆర్‌గా చూపించకండి. అంతకు మించి చేసిందే లెక్క.

కాంట్రాక్టు కార్మికుల విషయం మీకు చెప్పక్కర్లేదు, హెచ్‌ఆర్‌లో ఉన్నారు. చేతి తొడుగులు, ఓవర్‌టైమ్ డబ్బు సరిగ్గా అందుతున్నాయా? సొంత షెడ్డులో ఒకరి చేతులు మండుతుంటే బయట వైద్యశిబిరం పెట్టడానికి నాకైతే మనసొప్పదు.

సామాజిక బాధ్యత మీద 2010లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 26000 చూడండి. పాలన, మానవహక్కులు, శ్రామికులు, పర్యావరణం, న్యాయమైన వ్యాపారం, వినియోగదారులు, స్థానిక సమాజం అని ఏడు అంశాలు ఉంటాయి. ఏదీ మరిచిపోకుండా సరిచూసుకోవడానికి పనికొస్తుంది. అది మార్గదర్శకం మాత్రమే. దానికి సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఎవరైనా వస్తే డబ్బు కట్టకండి. ఏడింటిలో ఒకటి రెండు ఎంచుకుంటే మీకు చాలు.

చుట్టుపక్కల వాళ్లతో మాట్లాడటానికి ఫొటోగ్రాఫర్ లేకుండా వెళ్లండి. కెమెరా ముందు అందరూ థ్యాంక్సే చెబుతారు. పాత విరాళాలనూ ఉన్నపళంగా ఆపేయకండి. బ్యాగుల కోసం ఎదురుచూసే బడికి ఏడాది ముందే చెప్పడం మర్యాద.

బోర్డుకు ఒక్క పేజీ చాలు: కిలో బట్టకు ఇప్పుడు ఎన్ని లీటర్ల నీళ్లు పడుతున్నాయి, మూడేళ్లలో ఎంతకు తగ్గించాలి, ఎంత ఖర్చవుతుంది, బాధ్యులెవరు. ఆ బాధ్యుల గడిలో మీ పేరు కాదు, ప్రొడక్షన్ మేనేజర్ పేరు ఉండాలి. ఆయన సంతకం పెట్టేదాకా ఆ పేజీని బోర్డుకు పంపకండి.